చేతి తిమ్మిరికి చీటీలో సరియైన పేరు

మగ్గమున్న ఇంటిలో అర్ధరాత్రి లేచి కూర్చొని చేయి విదిలించుకొనువారిని చూడనివారు మనలో ఉండరు. బొటనవ్రేలు మొదలు మూడు నాలుగు వ్రేళ్ళు మొద్దుబారి, చీమలు ప్రాకినట్లయి, మంటపుట్టి మెలకువ వచ్చును. చేతిని మంచము క్రిందికి వ్రేలాడవేసి నాలుగైదు మారులు విదిలించినచో కొంత సర్దుకొనును. తెల్లవారినంతనే మరల మగ్గపు గుంటలో దిగవలసినదే. కొందరు దీనిని వాతమందురు, కొందరు రక్తము చాలదందురు. వయసు మీదపడినదని ఊరకుండువారే ఎక్కువ.

ఇట్టి బాధకు తరచుగా కారణమగు వ్యాధికి వైద్యశాస్త్రములో ఒక పేరు కలదు: కార్పల్ టనల్ సిండ్రోమ్. ఆ పేరుకు దేశదేశములలో చెల్లు ఒక సంఖ్యయు కలదు: జి 56.0. ఈ వ్యాసము వ్యాధిని గూర్చి కొంత, ఆ సంఖ్యను గూర్చి ఎక్కువ. సంఖ్యలు గుమాస్తాల పని, మగ్గము నేయువారికెందుకని పాఠకులు అడుగవచ్చును. ఆస్పత్రి చీటీ మీద పడిన మాటను బట్టియే తరువాత ఏ పరీక్ష చేయవలెనో, ఏ డాక్టరు వద్దకు పంపవలెనో, బీమావారు సొమ్ము చెల్లింపవలెనో వద్దో తేలుచున్నది. కెలమంగలము, దెంకణికోట, రాయకోట ప్రాంతములలోని మన కుటుంబములు అనేకమారులు ఈ చీటీ దగ్గరనే నష్టపోవుచున్నవి. అందుచేత ఈ విషయమును కొంత వివరముగా వ్రాయుచున్నాము.

ముందుగా వ్యాధి సంగతి. మన మణికట్టులో అరచేతి వైపున ఒక ఇరుకైన దారి కలదు. అడుగున, ప్రక్కల చిన్న ఎముకలు. పైన గట్టి పట్టీవంటి బంధనము. ఆ దారిగుండా వ్రేళ్ళను ముడుచు తొమ్మిది స్నాయువులును, వానితోపాటు మీడియన్ నరమను ఒక నరమును పోవును. స్నాయువులు అనగా కండలను ఎముకలకు పట్టియుంచు త్రాళ్ళవంటివి. వాని చుట్టునున్న పొర ఉబ్బినను, మణికట్టు ఎక్కువసేపు వంగియున్నను లోపల ఒత్తిడి పెరుగును. త్రాళ్ళు ఓర్చుకొనును గాని నరము ఓర్వలేదు. ఆ నరము బొటనవ్రేలికి, చూపుడువ్రేలికి, నడిమివ్రేలికి, ఉంగరపువ్రేలిలో సగమునకు స్పర్శ నిచ్చును. చిటికెనవ్రేలికి మరియొక నరము కలదు. కావున ఈ వ్యాధిలో చిటికెనవ్రేలు సాధారణముగా మొద్దుబారదు. ఈ ఒక్క గుర్తును పాఠకులు మరువకుండవలెనని కోరుచున్నాము. దీని అవసరము ముందు తెలియును.

రాత్రివేళ ఎందుకు హెచ్చునన్నచో, నిద్రలో మనము తెలియకయే మణికట్టు మడిచి పండుకొందుము. బోస్టనులో పుట్నమ్ అను వైద్యుడు 1880లోనే ఇట్లు రాత్రి చేతులు మొద్దుబారు రోగులను గూర్చి వ్రాసెను. 1913లో మారీ, ఫ్వా అను ఫ్రెంచి వైద్యులు నరము నలుగుచున్నది మణికట్టులోని ఆ పట్టీ క్రిందనేనని చూపి, దానిని కోసి వదులు చేయవచ్చునని సూచించిరి. 1950 తరువాత అమెరికాలో ఫేలెన్ అను శస్త్రవైద్యుడు దీనిని వైద్యులందరికి పరిచయము చేసెను. మణికట్టులను క్రిందికి వంచి, రెండు చేతుల వెనుక భాగములను ఒకదానికొకటి ఆనించి ఒక నిమిషముంచినచో తిమ్మిరి వచ్చునేమో చూచు పరీక్ష ఆయన పేరనే ఉన్నది. డాక్టరు మీ చేతులను అట్లు పట్టించినచో అది ఈ పరీక్షయని గ్రహింపుడు. ఇంటిలో చేసికొని మీరే తీర్పు చెప్పుకొనవలదు.

అశ్రద్ధ చేసినచో బొటనవ్రేలి మొదట ఉబ్బెత్తుగా నుండు కండ కరగిపోవును. పట్టు సడలి నాడె జారిపోవును, తెగిన పోగు అతుకబోగా పోగు తెలియదు. మన వృత్తిలో వ్రేలికొనకు పోగు తెలియకపోవుట అనగా ఏమో మేము చెప్పనక్కరలేదు. కండ కరగినంత దూరము వెళ్ళిన పిమ్మట ఆపరేషను చేసినను పూర్తి బలము తిరిగి రాకపోవచ్చును. కనుకనే మొదటి చీటీలోనే సరియైన మాట పడవలెననుట.

ఇక సంఖ్య సంగతి. నూలు కొనబోయి "సన్ననూలు" కావలెనన్నచో ఎంత సన్నమో కొట్టువానికి తెలియదు. నూరవ నంబరు అన్నచో తెలియును. 840 గజముల చిలపలు నూరు కలిసి ఒక పౌను తూగు నూలు, అది మద్రాసులోను మాంచెస్టరులోను ఒక్కటే. వ్యాధులకును ఇట్టి నంబర్లే కలవు. బెర్టియాన్ అను ఫ్రెంచి గణాంకవేత్త 1893లో మరణకారణముల పట్టిక నొకదానిని తయారుచేసెను. అది పెరిగి పెరిగి, 1948 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికి వచ్చి, మరణములనే గాక వ్యాధుల నన్నిటిని లెక్కించు పట్టికయైనది. దాని పదియవ కూర్పును 1990లో ఆమోదించిరి. దానిలో "జి" అక్షరము నరముల వ్యాధులది. 56 అనునది చేతిలోని ఒక్కొక్క నరమునకు వచ్చు జబ్బులది. చుక్క తరువాతి సున్న మణికట్టులో మీడియన్ నరము నలుగుటను తెలుపును. సున్నకు బదులు 2 ఉన్నచో అది చిటికెనవ్రేలి వైపు నరము, 3 ఉన్నచో వేరొక నరము. ఒక్క అంకె మారిన నరమే మారిపోవును.

పట్టిక కూర్పులు మారినపుడు సంఖ్యయు మారును. తొమ్మిదవ కూర్పులో ఈ వ్యాధి 354.0. పదియవ దానిలో జి 56.0. 2019లో ఆమోదించి 2022 జనవరి 1 నుండి అమలుకు తెచ్చిన పదునొకండవ కూర్పులో 8సి10.0. పాత చీటీలో ఒకటి, క్రొత్త చీటీలో ఒకటి కనిపించినచో కంగారు పడవలదు. మన కెలమంగలము 1965 వరకు సేలము జిల్లాలో ఉండెను, పిదప ధర్మపురి జిల్లాలోనికి పోయెను, 2004 నుండి కృష్ణగిరి జిల్లాలో ఉన్నది. ఊరు కదలలేదు గదా!

ఇప్పుడు నష్టము ఎక్కడ జరుగుచున్నదో చూతము. బయటి రోగులకిచ్చు చీటీలో సాధారణముగా సంఖ్య ఉండదు, డాక్టరు వ్రాసిన మాటలే ఉండును. రోగిని ఆస్పత్రిలో చేర్చుకొన్నపుడు గాని, బీమా పత్రము నింపునపుడు గాని రికార్డుల విభాగమువారు ఆ మాటలను సంఖ్యగా మార్చుదురు. వారు రోగిని చూడరు, రోగి మాట వినరు. కాగితము మీద ఏమున్నదో దానికే సంఖ్య వేయుదురు. "చేయి నొప్పి" అని యున్నచో ఎం 79.6 అగును. అది అవయవములలో నొప్పియని మాత్రమే తెలుపు సంఖ్య. "తిమ్మిరి" అని యున్నచో ఆర్ 20.2 అగును. "మెడనొప్పి" అని యున్నచో ఎం 54.2. వ్రేలు పట్టివేసి టక్కున వదలు జబ్బునకు ఎం 65.3. ఇవన్నియు నిజమైన సంఖ్యలే. కాని మణికట్టు నరము నలుగుచున్న రోగికి ఇవి వేసినచో నరము సంగతి కాగితములో ఎచ్చటను ఉండదు.

డాక్టరు ఏమి వ్రాయుననునది చాలవరకు మనము చెప్పినదానిని బట్టి యుండును. ఇచ్చట మన ప్రాంతపు చిక్కు ఒకటి కలదు. ఇంటిలో తెలుగు, సంతలో కన్నడము, ఆస్పత్రిలో తమిళము. హోసూరు పోయినను, 2022లో ప్రారంభమైన కృష్ణగిరి ప్రభుత్వ వైద్యకళాశాల ఆస్పత్రికి పోయినను తమిళమే మాటలాడవలెను. సరిహద్దు దాటి బెంగుళూరు పోయినచో కన్నడము. మన స్త్రీలకు మూడును వచ్చును గాని, బాధ చెప్పునపుడు నోటికి వచ్చునది సులువైన మాట. తమిళములో "కై వలిక్కుదు" అందురు. అనగా చేయి నొచ్చుచున్నదని. డాక్టరు అదే వ్రాసికొనును. మొద్దుబారుటకు తమిళములో మాట వేరు: "మరత్తు పోగుదు". కన్నడములో "జోము హిడియుత్తదె" అందురు. మన ఇండ్లలోను కొందరు "జోముపట్టినది" అనుట కలదు. చిటికెనవ్రేలిని తమిళములో "సుండు విరల్" అనియు, కన్నడములో "కిరుబెరళు" అనియు అందురు. ఈ నాలుగు మాటలు తెలిసియున్నచో డాక్టరు ప్రశ్న మారును, ప్రశ్న మారినచో చీటీ మారును.

మా సంఘమునకు కాగితములు తెచ్చి చూపినవారిలో ఒక సభ్యురాలి సంగతి చెప్పుదుము. పేరు, ఆస్పత్రి పేరు అనవసరము. ఆమె పట్టుమగ్గము మీద పనిచేయును. రెండేండ్లలో ఐదు చీటీలు. మొదటి మూడింటిలో "చేయి నొప్పి", నాలుగవదానిలో "మెడ ఎముక అరుగుదల", ఐదవదానిలో మరల "చేయి నొప్పి". ప్రతిమారు నొప్పిమాత్రలు, పూత మందు. మెడకు ఎక్స్‌రే కూడ తీసిరి. మణికట్టును చూచినవారు లేరు. డాక్టర్ల తప్పని మేమనజాలము, ఎందుకన్నచో ఆమె చెప్పినదే అది. కొమార్తె వచ్చి కూర్చొని అడుగువరకు ఆమె నోట అసలు సంగతి రాలేదు.

"అమ్మా, యా వేళ్ళు మే జోముపట్టేది?"

"చిటికెనవేలు బాగానే ఉంది. తక్కినవే. కుడిచెయ్యి ఎక్కువ."

"ఎప్పుడు?"

"రాత్రే మే. పగలు పనిలో తెలీదు."

"ఇది డాక్టరుకి చెప్పినావా?"

"ఆయప్ప అడగలేదు, నేను చెప్పలేదు."

తరువాతి మారు ఈ నాలుగు మాటలు చెప్పినమీదట నరముల పరీక్షకు పంపిరి. ఆ పరీక్షలో సన్నని విద్యుత్తు నిచ్చి, మణికట్టు దాటునపుడు నరములో వార్త ఎంత వేగముగా పోవుచున్నదో కొలుచుదురు. కుడిచేతిలో వేగము తగ్గినదని తేలినది. ఆరవ చీటీలో పేరు సరిగా పడినది. అప్పటికి బొటనవ్రేలి కండ కొంత కరగనే కరగినది.

ఇచ్చట న్యాయముగా ఒక మాట చెప్పవలెను. మొదటి చీటీలోనే డాక్టరు రోగము పేరు వ్రాయకుండుట ఎల్లపుడు తప్పు కాదు. అమెరికాలో బయటి రోగుల విషయములో, అనుమానముగా నున్న వ్యాధికి ఆ వ్యాధి సంఖ్య వేయరాదనియు, లక్షణమునకే వేయవలెననియు నియమము కలదు. పరీక్ష కాకముందు "తిమ్మిరి" అని వ్రాసినచో అది నిజాయితీగల చీటీయే. కాని తిమ్మిరి అను మాట నరము వైపు దారి చూపును, నొప్పి అను మాట చూపదు. పరీక్షలో తేలిన పిమ్మటకూడ పాత మాటయే కొనసాగుట మాత్రము ఒప్పుకొనరానిది.

అమెరికా ప్రసంగము ఊరకనే తేలేదు. ఇప్పుడు హైదరాబాదులో, బెంగుళూరులో, చెన్నైలో వేలకొలది తెలుగు యువతీయువకులు మెడికల్ కోడింగు అను ఉద్యోగము చేయుచున్నారు. అమీరుపేటలో దీనికి శిక్షణ నిచ్చు సంస్థలు వీధి వీధికి కలవు. వారు చేయునది ఏమన్నచో, అమెరికాలోని ఆస్పత్రుల చీటీలు చదివి, వానికి ఈ వ్యాధిసంఖ్యలు వేయుట. నేతవారి పిల్లలును ఆ పనిలో ఉన్నారు. అమెరికావారు 2015 అక్టోబరు 1 నుండి వాడుచున్న తమ పట్టికలో ఈ వ్యాధికి ఏ చేయియో కూడ చెప్పవలెను. కుడిచేయి యైనచో జి 56.01, ఎడమచేయి యైనచో జి 56.02. రెండు చేతులకు కలిపి మొదట సంఖ్య లేకుండుటచే రెండును వేసెడివారు. 2016 అక్టోబరు నుండి జి 56.03 వచ్చినది. ఏ చేయియో చీటీలో లేనిచో జి 56.00. ఆ చివరి సంఖ్యను చూచినచో బీమావారు చీటీని వెనుకకు పంపుటకు అవకాశము కలదని కోడింగు నేర్చుకొనువారికి మొదటనే హెచ్చరింతురు. అనగా మన పిల్లలు రాత్రింబగళ్ళు కూర్చొని, ఎవరో అమెరికా గృహిణికి తిమ్మిరి కుడిచేతనా ఎడమచేతనా అని తరచి తరచి చూచుచున్నారు. ఇంటిలో తల్లి చీటీలో ఏమున్నదో చూచినవారు ఎందరు? నిందించుటకు కాదు, ఈ విద్య మన ఇండ్లలోనే ఉన్నది గనుక దానిని వాడుకొందమని చెప్పుచున్నాము. పండుగకు వచ్చిన పిల్లలచేత తల్లిదండ్రుల కాగితములు ఒకమారు చదివింపవలెను.

ఇంకొక విషయము అన్నిటికంటె ముఖ్యమైనది. జి 56.0 అను సంఖ్య నరము నలిగినదని చెప్పును గాని, ఎందుచేత నలిగినదో చెప్పదు. మగ్గము ఆ సంఖ్యలో లేదు. మధుమేహము గలవారికి, థైరాయిడు తక్కువగా నున్నవారికి, కీళ్ళవాతము గలవారికి, గర్భిణులకు, స్థూలకాయులకు ఈ వ్యాధి హెచ్చు. పురుషులకంటె స్త్రీలకు హెచ్చు. కనుక నేతపనివారికి వచ్చిన ప్రతి తిమ్మిరిని మగ్గము మీదికి నెట్టుట సరికాదు. చక్కెర, థైరాయిడు పరీక్షలు చేయించుట మొదటి పని. అయితే బలము వినియోగించి ఒకే కదలికను మరల మరల చేయుట, మణికట్టును వంచి పనిచేయుట, చేతికి అదురు తగులుట ఈ వ్యాధికి కారణములని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తివ్యాధుల పట్టికలో చేర్చియున్నది. నాడెను ఆడించు త్రాటిపిడిని ఝాడించి లాగుట, పేకను దగ్గరకు కొట్టుట, కండెలు చుట్టుట, తెగిన పోగులు ముడివేయుట, వీనిలో మణికట్టు వంగని పని ఏది? ఇరాను దేశములో చేతితో తివాచీలు నేయువారిని పరిశీలించినవారును మణికట్టు, భుజము, మెడ, నడుము బాధలు వారిలో విస్తారముగా ఉన్నవని వ్రాసిరి. మన దేశములో 2019-20 చేనేత గణన ప్రకారము 35 లక్షలకు మించిన చేనేత పనివారిలో నూటికి 72 మంది స్త్రీలు. వ్యాధి ఎవరికి హెచ్చో వారే ఈ పనిలోను హెచ్చు.

ఇటలీలో రామజ్జీని అను వైద్యుడు 1700లో పనివారల రోగములను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. రోగిని అడుగవలసిన ప్రశ్నలకు "నీ వృత్తి ఏమి?" అను ఒక ప్రశ్నను చేర్పవలెనని ఆయన వైద్యులకు చెప్పెను. మూడువందల ఏండ్లు దాటినను ఆ ప్రశ్న మన చీటీలలో చాలవరకు కనబడదు. స్త్రీలైనచో వృత్తి గడిలో "గృహిణి" అని వ్రాయుట పరిపాటి. ఉదయము ఐదింటికి మగ్గమెక్కి రాత్రి కండెలు చుట్టు మనిషి కాగితము మీద గృహిణి! ప్రపంచ ఆరోగ్య సంస్థ పదియవ కూర్పులో, వ్యాధి పనికి సంబంధించినదని డాక్టరు భావించినచో ప్రక్కన చేర్చుటకు వై 96 అను సంఖ్య యొకటి కలదు. దానిని చేర్పవలెనా వద్దా అనునది డాక్టరు నిర్ణయము. "చేనేత పని, ఇన్ని ఏండ్లుగా, దినమునకు ఇన్ని గంటలు" అని వ్రాయుమని అడుగుట మాత్రము మన హక్కు. అది వ్రాసియున్నచో రేపు ఎవరైన లెక్క తీయబోయినపుడు మనము ఆ లెక్కలో ఉందుము. లేనిచో నేతపనివారికి ఈ వ్యాధి లేనేలేదని కాగితములే సాక్ష్యమిచ్చును.

లెక్క కట్టిన తరువాత పని ఎట్లు మారునో మనవారిలోనే నిదర్శనము కలదు. తెలంగాణలో ఆలేరు వద్దనున్న శారాజీపేట గ్రామస్థుడు చింతకింది మల్లేశము, తన తల్లి లక్ష్మి ఆసుపోసి భుజము నొప్పితో బాధపడుట చూచెను. ఒక చీరెకు ఆసు పోయుటలో చేతిని తొమ్మిదివేల మారులు అటునిటు ఆడింపవలెను. ఆయన ఏండ్లతరబడి కష్టించి, 1999లో ఆ పనిచేయు యంత్రమును సాధించి దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో పద్మశ్రీ బిరుదము పొందెను. ఆమెది భుజము నొప్పి, మన ప్రసంగము మణికట్టును గూర్చినది. రెండును వేరు వ్యాధులే. కాని "చేతులు నొచ్చుచున్నవి" అను మాటకంటె "తొమ్మిదివేల మారులు" అను మాటకు ఎంత బరువు కలదో చూడుడు. నాడె త్రాటిని గంటకు ఎన్నిమారులు లాగుదుమో మనలో ఎవరైన లెక్కించితిరా? ఒక గంట కూర్చొని లెక్కించి, ఆ అంకెను డాక్టరుకు చెప్పినచో మేలు.

చికిత్స విషయము క్లుప్తముగా చెప్పుదుము, అది డాక్టర్ల పని గనుక. తొలిదశలో రాత్రివేళ మణికట్టును నిటారుగా నిలుపు పట్టీ కట్టుకొనుట వలననే చాలమందికి ఉపశమనము కలుగును. తరువాత మణికట్టులో ఇచ్చు సూదిమందు. వానితో తగ్గనిచో, కండ కరగుచున్నచో ఆపరేషను. ఇది చిన్న ఆపరేషను, చేతికి మాత్రము మత్తు ఇచ్చి చేయుదురు, చాలచోట్ల ఆనాడే ఇంటికి పంపుదురు. అయినను కొన్ని వారములు మగ్గము ఆగును. మగ్గము ఆగినచో ఇల్లు గడచుట ఎట్లనునదే మనవారి అసలు భయమని మాకు తెలియును. ఆ భయముచేతనే వాయిదా వేయువారు, కండ కరగిన తరువాత ఎన్ని వారములు ఆగినను లాభము తక్కువయని గుర్తింపవలెను. పనిలోను చిన్న మార్పులు చేసికొనవచ్చును. త్రాటిపిడికి మెత్తని గుడ్డ చుట్టి లావు చేయుట, కూర్చొను ఎత్తును సరిచేసి మణికట్టు వంగకుండ చూచుకొనుట, ఒకే మనిషి రోజంతయు ఒకే పని చేయక నేతయు కండెలును మార్చుకొనుట ఖర్చులేని పనులు.

బీమా మాట. తమిళనాడులో ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్యబీమా పథకము కలదు. ఆంధ్రప్రదేశములో ఎన్.టి.ఆర్. వైద్యసేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కలవు. ఇట్టి పథకములలో చికిత్సకు వేరుగా ప్యాకేజీ సంఖ్యలుండును. వ్యాధి సంఖ్య వేరు, చికిత్స సంఖ్య వేరు. ఒకటి పడుగు, ఒకటి పేక. రెండును ఒకదానితో నొకటి పొసగనిచో కాగితము ముందుకు సాగదు. ప్రైవేటు బీమాలలో ఆస్పత్రివారు నింపవలసిన పత్రములో పదియవ కూర్పు ప్రకారము వ్యాధిసంఖ్య వేయుటకు గడియే కలదు. ఆపరేషను కుడిచేతికి చేసి, వ్యాధి "అవయవములలో నొప్పి" అని యున్నచో, నొప్పికి కోత ఎందుకని బీమా గుమాస్తా అడుగుటలో వింత లేదు. చేర్చుకొను కార్డు బల్ల వద్దనే వ్యాధి పేరు, ఏ చేయి అనునవి చదివించుకొని వినుడు. తప్పున్నచో అప్పుడే దిద్దించుట సులభము. డిశ్చార్జి అయిన తరువాత దిద్దించుటకు నాలుగు మారులు తిరుగవలెను, నాలుగు దినముల కూలి పోవును.

ఆస్పత్రికి పోవునపుడు పాత చీటీలు తేదీల వరుసన కుట్టి తీసికొనిపోవుడు. నరముల పరీక్ష కాగితమును మాత్రము ఎవరికిని అసలు ఇయ్యక నకలు ఇయ్యవలెను. దానిలో నరము వేగము అంకెలలో ఉండును. పట్టీ కట్టిన తరువాత గాని, ఆపరేషను తరువాత గాని మరల పరీక్షించినపుడు, నరము కోలుకొన్నదో లేదో తేల్చుటకు ఆ మొదటి అంకెలతో పోల్చి చూడవలసి వచ్చును.